నాలుగో అడుగు దగ్గర దండెం

పరమేశ్ కరాటే నేర్చుకున్నది మొత్తం ఎనిమిది శనివారాలు. జగిత్యాల దగ్గర వాళ్ల ఊరి హైస్కూల్లో, తొమ్మిదో తరగతి చదివేటప్పుడు. కరీంనగర్ నుంచి ఒక సారు బస్సులో వచ్చి పిల్లల్ని గ్రౌండులో వరసగా నిలబెట్టేవాడు. తొమ్మిదో శనివారం పిల్లలు వచ్చి నిలబడ్డారు. సారు రాలేదు. సాయంత్రం బస్సు కూడా చూసి ఇళ్లకు పోయారు. పదో శనివారం పరమేశ్ ఒక్కడే వచ్చి నిలబడ్డాడు.

అప్పటికి వాడి చేతికి ఒక పసుపు బెల్టు వచ్చింది. ఒక కాటాలో సగం వచ్చింది. కాటా అంటే ఒక్కడే నిలబడి, ఎదురుగా మనుషులున్నట్టు అనుకొని వరసగా వేసే అడుగులు, గుద్దులు. రెండో సగం సారుతోనే పోయింది.

ఆ బెల్టు పెట్టెలో పెట్టుకొని ఇరవై రెండేళ్ల వయసులో బహ్రెయిన్ వచ్చాడు. ఊళ్లో మాత్రం దుబాయి పోయిండనే అన్నారు. మా దిక్కు ఎక్కడికి పోయినా దుబాయే.

నేను వాడికంటే నాలుగేళ్లు ముందు వచ్చాను. నా పేరు దేవన్న. నాది రాడ్ బెండింగ్ పని, వాడిది ప్లాస్టరింగ్. సల్మాబాద్ క్యాంపులో మాది ఒకే గది. అటు రెండు, ఇటు రెండు, రెండంతస్తుల ఇనుప మంచాలు. ఎనిమిది మందిమి. మంచాల మధ్య సందులో ఇద్దరు ఎదురుపడితే ఒకడు మంచం మీదికి ఒరగాలి. తలుపు నుంచి కిటికీ దాకా ఆ సందు పొడుగు మనిషి వేసే అడుగులతో ఆరు అడుగులు.

ఎండాకాలం మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా బయట పని బంద్. సర్కారు రూలు. అందరం ఏసీ కింద పడుకునేవాళ్లం. పరమేశ్ లేచి తలుపు దగ్గర నిలబడి, రెండు పిడికిళ్లు నడుముకు ఆనించి, కిటికీ వైపు అడుగులు వేసేవాడు. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు దగ్గర నా దండెం ఉండేది.

ఆ దండెం నేను కట్టుకున్నదే. సైటు నుంచి తెచ్చిన, రాడ్లు కట్టే బైండింగ్ వైరును రెండు పేటలు మెలేసి, నా మంచం కోడు నుంచి ఎదురు మంచం కోడుకు లాగి కట్టాను. మనిషి మెడ ఎత్తున. బయట ఆరేస్తే లుంగీ నిండా దుమ్ము. అందుకని లోపలే నాలుగు మడతలు పెట్టి వేసేవాణ్ని. తీగ కింద ఒక మూరెడు వేలాడేది.

మొదటి రోజు పరమేశ్ కళ్లు మూసుకొని అడుగేశాడు. తీగ మెడకు తగిలింది, తడి లుంగీ ముఖాన కొట్టింది.

"దేవన్నా, గీ తీగె జర తియ్యరాదే? నా మెడకాయ తెగుతది" అన్నాడు.

నేను పైమంచం మీద పడుకొని చూస్తున్నాను. ఏమీ అనలేదు.

"ఏమన్న అనరాదె, మనిషివా గోడవా?"

"లుంగీ ఆరాలె గద" అన్నాను.

ఇంకేమంటాడు. మరునాటి నుంచి వంగడం మొదలుపెట్టాడు. నడుం వంచితే తల అవతలికి పోయేది కానీ వీపు మీద లుంగీ పడి బనీను తడిసేది. వారం తంటాలు పడి ఒక పద్ధతి పట్టాడు. వీపు నిటారుగానే ఉంచి, మోకాళ్లు వంచి, లిఫ్టు దిగినట్టు కిందికి దిగి, అవతల మళ్లీ పైకి లేచేవాడు. లేచేటప్పుడు పిడికిలి ముందుకు పోయేది. పోయేటప్పుడు నాలుగో అడుగు దగ్గర దిగేవాడు. కిటికీ తాకి వెనక్కి వచ్చేటప్పుడు అదే దండెం మూడో అడుగుకు వచ్చేది.

మా గదిలో తూర్పు గోదావరి వాడు ఒకడుండేవాడు, కన్నబాబు. సీఫ్‌లో ఒక మాల్‌లో రాత్రిపూట సామాన్ దింపే పని. నోరు ఊరుకోదు.

"ఏటండీ పరమేశ్ గారూ, దేవన్న గారి లుంగీకి రోజూ అలా దణ్ణాలెట్టేస్తున్నారు? ఏదైనా మొక్కుందేటండీ?" అనేవాడు ఉల్లిపాయలు తరుగుతూ.

"నువ్వు వండుకో. నీ లుంగీకైతే మొక్కను" అనేవాడు పరమేశ్, దిగుతూనే.

సగం కాటా ఎన్నాళ్లని చేస్తాడు. రెండో సగం తనే కట్టుకోవడం మొదలుపెట్టాడు. ఎక్కడి నుంచో కాదు, సైటు నుంచే. సిమెంటు మాలు గోడకు విసిరేటప్పుడు తాపీ మేస్త్రీ మణికట్టు ఒక్క విరుపు విరుస్తాడు చూడండి, ఆ విరుపును గుద్దుకు పెట్టాడు. కింది నుంచి వచ్చే తట్టను పైవాడు పట్టుకునేటప్పుడు బరువు చేతుల్లో ఆగదు, తుంటి తిప్పి పక్కకు జారవిడుస్తాడు. అది దెబ్బ తప్పించుకోవడానికి పెట్టాడు. ఒకరోజు నేను రాడ్ వంచుతుంటే ఎండలో వచ్చి నిలబడ్డాడు.

"మల్లొక్కటి వంచే" అన్నాడు.

వంచాను.

"కాలు ఎనుకకు ఎందుకు వెట్టినవే?"

"పెట్టకపోతే రాడే నన్ను వంచుతది."

తలూపి వెళ్లిపోయాడు. ఆ ఎండాకాలం కాటాలో పదిహేడో అడుగు మారింది.

ఏడేళ్లకు కంపెనీ మమ్మల్ని సనాబిస్‌లో ఒక పాత బిల్డింగులోకి మార్చింది. దానికి బాల్కనీ ఉంది. దండెం బాల్కనీలోకి పోయింది. గది మధ్య ఏమీ లేదు. పరమేశ్ మొదటి రోజు తలుపు దగ్గర నిలబడి ఒకటి, రెండు, మూడు వేసి, నాలుగో అడుగు దగ్గర లిఫ్టు దిగినట్టు దిగాడు. లేచాడు.

నేను చూశాను. చెప్పలేదు. అలవాటు కదా, పోతుందిలే అనుకున్నాను. అది పోలేదు.

తర్వాత శుక్రవారం క్లాసు మొదలైంది. ఎవరూ పెట్టమనలేదు. సీఫ్‌లో ఒక ఆఫీసు బిల్డింగు వెనక కార్ల పార్కింగ్ ఉంటుంది. శుక్రవారం పొద్దున ఖాళీ. కన్నబాబు, వాడి దోస్తులు ఇద్దరు, మా సైటు వాళ్లు ముగ్గురు వచ్చారు. అంత పెద్ద జాగా ఉంటే పరమేశ్ ఒక్కొక్కడిని ఒక్కో కారు గీతల మధ్య నిలబెట్టాడు.

"గీతలు దాటొద్దు. తలుపు కాడికెళ్లి మొదలువెట్టుర్రి."

తలుపు ఎక్కడుందని ఎవరూ అడగలేదు. గీతలకు ఒక కొస తలుపు, ఇంకో కొస కిటికీ. అది కరాటే మాటేనేమో అనుకున్నారు. అందరూ నాలుగో అడుగు దగ్గర దిగి లేచేవాళ్లు.

నేను పక్కన అరుగు మీద కూర్చునేవాణ్ని. నేను కరాటే నేర్చుకోలేదు. చాయ్ ఫ్లాస్కు నా దగ్గర ఉండేది.

లోవమ్మ రెండో ఏడు వచ్చింది. తుని దగ్గరి మనిషి. హూరాలో ఒక ఇంట్లో పని. శుక్రవారం పొద్దున సెలవు. కన్నబాబును వరసకు తమ్ముడంటుంది. వాడికి పచ్చడి సీసా ఇవ్వడానికి వచ్చి, అరుగు మీద నా పక్కన కూర్చొని ఒక గంట చూసింది.

"దేవన్న గారూ, ఆడోళ్లకి నేర్పరా ఏటండీ ఇది?"

"అడుగు" అన్నాను.

లేచి చెప్పులు విడిచి పోయి ఒక ఖాళీ గీతల మధ్య నిలబడింది. "మాస్టారండీ, నాకూ సెప్పండి. నడుం పట్టేస్తంది, ఎప్పుడూ ఒంగోడమే. ఒంగకుండా దిగుతున్నారు మీరు, అది నాకు కావాలి."

పరమేశ్ ఆమెకంటే ఒక ఏడు చిన్న. శిష్యురాలిని అక్కా అని పిలిచే మాస్టర్‌ను నేను అక్కడే చూశాను. "లోవక్కా, మోకాలు బయటికి వోవద్దు" అంటాడు. "అలాగేనండి మాస్టారూ" అంటుంది ఆమె. నాలుగేళ్లలో ఒక్క శుక్రవారం తప్పలేదు. ఇల్లు తుడిచే మనిషి, బల్ల కింద, మంచం కింద, మెట్ల కింద తిరిగే మనిషి. నాలుగో అడుగు దగ్గర ఆమె దిగితే చీమ కూడా జరగనట్టు ఉండేది. పరమేశ్ కూడా అంత బాగా దిగడు.

ఈ మార్చిలో పరమేశ్ ఊరికి పోవడం ఖాయమైంది. ఇక తిరిగి రాడు. పందొమ్మిదేళ్లయింది, తమ్ముడితో కలిసి పసుపు పంట వేస్తానన్నాడు. సంబరంగానే ఉన్నాడు. బాల్కనీలో నా దండెం కింద కూర్చొని ఒక మాట మాత్రం అన్నాడు.

"దేవన్నా, నేను పోయినంక వచ్చే శుక్రారం గీ పద్నాలుగు మంది పార్కింగ్ల వచ్చి నిలవడతరు. నేను రాను. గప్పుడు మా సారు రాలే సూడు, గట్ల."

నేను ఆరిన లుంగీ తీసి మడత పెట్టాను.

"లోవక్కకు నల్ల బెల్టు కట్టి పోత. ఆమె నడిపిస్తది. కని నాకే పసుపు బెల్టు. నేను కడితే ఎవడు ఒప్పుకుంటడు?"

అదొక్కటే కాదు. ఆ పార్కింగ్ తవ్వి షాపులు కడతారని బోర్డు పెట్టేశారు. క్లాసుకు చోటు లేదు, నడిపించేవారికి బెల్టు లేదు. పరమేశ్ చేతిలో మూడు శుక్రవారాలు ఉన్నాయి.

హూరాలో రోడెల్ అని ఒక ఫిలిప్పీన్స్ మాస్టర్ హాలు నడుపుతాడు. కింద నీలం మ్యాట్లు, గోడకు అద్దాలు. శుక్రవారం పొద్దున ఆ హాలు ఖాళీగా ఉంటుందని కన్నబాబు కనుక్కొచ్చాడు. ఆ హాలు, ఆయన సంతకం అడగడానికి నలుగురం పోయాం. రోడెల్ యాభై ఏళ్ల మనిషి, పొట్టి, మెత్తగా మాట్లాడతాడు. ఆయన ఇంగ్లీషులో అడుగుతాడు, కన్నబాబు తెలుగులో చెబుతాడు.

"మీ కాటా చూపించమంటున్నారండీ."

లోవమ్మ చేసింది. అంత పెద్ద హాలులో ఒక మూల, ఆరడుగుల పొడుగులో, గీతలు లేకపోయినా గీతల మధ్యే చేసింది. రోడెల్ చేతులు కట్టుకొని చూశాడు. మాలు విసిరే గుద్దు దగ్గర తలూపాడు. తట్ట దగ్గర ఇంకా గట్టిగా తలూపాడు. నాలుగో అడుగు దగ్గర మాత్రం నవ్వాడు. చెడ్డ నవ్వు కాదు. అర్థం కాక వచ్చిన నవ్వు.

"ఈ మొదటి సగం కాటా ఆయనకీ తెలుసంటండీ. ప్రపంచమంతా చేస్తారంట. కానీ అందులో ఈ దిగడం లేదంటున్నారు. ఎవరు నేర్పారంటున్నారు."

"మా సారు నేర్పిండు" అన్నాడు పరమేశ్.

నేను వాడి ముఖం చూశాను. అబద్ధం ఆడటం లేదు. నిజంగానే అలా అనుకుంటున్నాడు. పందొమ్మిదేళ్లలో నా దండెం వాడి తలలోంచి పోయి, దాని చోట కరీంనగర్ సారు వచ్చి నిలబడ్డాడు.

రోడెల్ మళ్లీ అడిగాడు. పోయేటప్పుడు నాలుగో అడుగు, వచ్చేటప్పుడు మూడో అడుగు, ఎందుకు? ఏ దెబ్బకు ఇది? పరమేశ్ సీసా మూత తీసి నీళ్లు తాగాడు.

చివరికి రోడెల్ ఒక మాట చెప్పాడు. "ఇది స్టైలు అయితే హాలు ఇస్తాను, ఆమె బెల్టు కాగితం మీద సాక్షి సంతకం పెడతాను. నా శిష్యురాలితో మూడు నిమిషాలు పోటీ. మీ మనిషి ఒక్క పాయింటు తెస్తే చాలు, శుక్రవారాలు మీవి. తేకపోతే ఖలాస్. కరాటే అనే పేరు పెట్టకండి." కోపంగా కాదు, న్యాయంగానే అన్నాడు. పోటీ రెండు వారాల తర్వాత.

పరమేశ్ బస్సు దిగేటప్పుడు అన్నాడు. "మా సారు తప్పు నేర్పిండేమో. ఆ దిగుడు తీసేద్దాం."

మరుసటి శుక్రవారం పార్కింగ్‌లో అదే పని. "లోవక్కా, నాలుగో అడుగుల దిగకు. సక్కగ పో."

లోవమ్మ పోయింది. ఒకటి, రెండు, మూడు. నాలుగో అడుగు దగ్గర మోకాళ్లు వాటంతటవే వంగాయి. ఆమె బలవంతంగా ఆపుకుంది. ఆపుకునేసరికి ఐదో అడుగు తప్పింది, పిడికిలి తుంటితో కలవలేదు. మళ్లీ చేసింది. మళ్లీ అదే.

"మాస్టారండీ, నా కాళ్లు నా మాట ఇనట్లేదండీ."

"ఇంకోసారి."

"ఇది తీసేత్తే మిగతాదంతా ఊడొచ్చేస్తందండీ. జాకెట్‌కి ఒక దారం లాగితే చెయ్యంతా వచ్చేసినట్టు."

కన్నబాబు కూడా నవ్వలేదు. పద్నాలుగు మందీ అడుగులు మరిచిపోయి నిలబడ్డారు. పరమేశ్ గీతల కొసన తల పట్టుకొని కూర్చున్నాడు.

నాకు మాటలు రావు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియదు. లేచి బస్సెక్కి సనాబిస్‌కు పోయాను. గదిలో నా పెట్టె అడుగున బైండింగ్ వైరు చుట్ట ఉంది. బకెట్‌లో లుంగీ తడిపి, పిండి, పాలిథిన్ కవర్‌లో వేసుకున్నాను. తిరిగి వచ్చేసరికి ముప్పావు గంట పట్టింది. వాళ్లు ఇంకా అక్కడే ఉన్నారు, చాయ్ తాగుతూ, శవం లేచిన ఇంట్లోలా.

లోవమ్మ నిలబడే గీతలకు అటూ ఇటూ రెండు స్తంభాలు ఉన్నాయి. వైరు రెండు పేటలు మెలేసి, ఆ స్తంభం నుంచి ఈ స్తంభానికి మెడ ఎత్తున కట్టాను. తలుపు నుంచి నాలుగో అడుగు దగ్గర. లుంగీ నాలుగు మడతలు పెట్టి వేశాను. నీళ్లు బొట్లు బొట్లుగా సిమెంటు మీద పడుతున్నాయి. వెళ్లి అరుగు మీద కూర్చున్నాను.

పరమేశ్ తల ఎత్తి చూశాడు. లుంగీని చూశాడు. తీగ మెలిక చూశాడు. నన్ను చూశాడు. లేచి తలుపు దగ్గర నిలబడి, కళ్లు మూసుకొని, ఒకటి, రెండు, మూడు వేశాడు. నాలుగో అడుగుకు దిగి, దండెం కింద నుంచి అవతలికి పోయి లేచాడు. తలకు లుంగీ తగల్లేదు. తర్వాత వెనక్కి తిరిగి మూడో అడుగు దగ్గర దిగి ఇటు వచ్చాడు.

"సల్మాబాద్" అన్నాడు.

తలూపాను.

"నీ లుంగీనా దేవన్నా? గిది మా సారు కాదు, నీ లుంగీనా?"

"ఆరాలె గద" అన్నాను.

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నిలబడి నవ్వాడు, స్తంభం పట్టుకొని నవ్వాడు, చివరికి సిమెంటు మీద కూర్చొని కడుపు పట్టుకున్నాడు. కన్నబాబుకు అర్థమై అందరికీ చెప్పాడు. ఆ గది, ఆ మంచాలు, ఆ తలుపు, ఆ కిటికీ అన్నీ చెప్పాడు. తెలియనివాళ్లు గీతల రెండు కొసలూ చూసుకొని, ఇన్నాళ్లూ మనం ఒక గదిలో తిరుగుతున్నామా అన్నారు. లోవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ లుంగీకి నాలుగేళ్లు దణ్ణాలెట్టించేశారండీ దేవన్న గారూ! ముందే సెప్పొచ్చు కదండీ!"

"అడగలే గదా" అన్నాను.

పరమేశ్ కళ్లు తుడుచుకొని లేచాడు. ముఖం మారిపోయింది. "లోవక్కా, తీసేసుడు లేదు. తడి లుంగీ కిందికెళ్లి దూరు. ముఖానికి తాకిందనుకో, మల్ల మొదటికెళ్లి."

ఆ తర్వాత రెండు గంటలు అదే పని. తర్వాతి వారమంతా లోవమ్మ హూరాలో తను పనిచేసే ఇంటి వంటగదిలో కూడా తీగ కట్టుకుందట. పిల్లలు చూసి వాళ్లూ దూరారట. ఇంటి మేడమ్ వచ్చి, ఇదేమిటని అడిగి, తనూ ఒకసారి దూరి చూసి నవ్విందట.

పోటీ రోజు హాలులో మా వాళ్లు పద్నాలుగు మంది గోడ వెంట కూర్చున్నారు. అటు వైపు రోడెల్ శిష్యులు. లోవమ్మ ఎదురుగా నిలబడ్డ అమ్మాయి మారిసెల్, పాతికేళ్లుంటాయి. ఒక హోటల్‌లో రిసెప్షన్ పని. కాళ్లు పొడుగు. ఏడేళ్ల నుంచి నేర్చుకుంటోంది. లోవమ్మకు నలభై రెండు, చేతికి గ్లవ్స్ తొడగడం అదే మొదలు. వాటిని అటూ ఇటూ తిప్పి, "గిన్నెలు తోముకోడానికి బాగున్నాయండీ" అంది.

రోడెల్ చేయి దించాడు. మొదటి నిమిషంలో మారిసెల్ మూడు పాయింట్లు తెచ్చుకుంది. రెండు గుద్దులు, తలకు ఒక తన్ను. తగిలీ తగలనట్టే తన్నింది, మర్యాదగల పిల్ల. కాలు చెవి పక్కకు ఎప్పుడు వచ్చిందో లోవమ్మకు తెలియలేదు. రెండో నిమిషంలో ఇంకో రెండు. లోవమ్మ తట్ట తిప్పినట్టు తిప్పి రెండు గుద్దులు తప్పించింది కానీ, తిరిగి కొట్టేలోపే ఆ పిల్ల దూరం జరిగేది. ఆ హాలు పెద్దది. లోవమ్మ ఎటు పోవాలో తెలియక మధ్యలో తిరుగుతోంది.

గోడకు గడియారం ఉంది. ఇంకా ముప్పై ఐదు సెకన్లు మిగిలాయి.

పరమేశ్ మోకాళ్ల మీద లేచాడు. "లోవక్కా! నడుమ తిరగకు! తలుపు కాడికెళ్లి మొదలువెట్టు!"

రోడెల్ శిష్యులు అందరూ హాలు తలుపు వైపు చూశారు. లోవమ్మ చూడలేదు. ఆమెకు తలుపు ఎక్కడుందో తెలుసు. వెనక్కి వెనక్కి పోయి మ్యాటు అంచున నిలబడింది. పిడికిళ్లు నడుముకు ఆనించింది. కనబడని గీతల మధ్య నేరుగా ముందుకు కదిలింది.

ఒకటి. మారిసెల్ కదలక చూసింది. రెండు. మూడు. వరసగా, నేరుగా వచ్చే మనిషి తల ఎక్కడ ఉంటుందో ఎవరికైనా తెలుస్తుంది. మారిసెల్ నడుం తిప్పి పొడుగు కాలు తలకు విసిరింది.

నాలుగు.

లోవమ్మ దిగింది. వంగలేదు, జరగలేదు, చూడనైనా లేదు. లిఫ్టు దిగినట్టు దిగింది. కాలు ఆమె కొప్పు మీదుగా గాలిలో పోయింది. అవతల లేచేటప్పటికి ఆమె మారిసెల్‌కు మూరెడు దూరంలో ఉంది, ఆ పిల్ల ఇంకా ఒంటికాలి మీదే ఉంది. మాలు విసిరినట్టు మణికట్టు ఒక్క విరుపు విరిచింది. పిడికిలి పొట్ట దగ్గర ఆగింది, తగిలీ తగలనట్టే.

రోడెల్ చేయి మా వైపు లేచింది.

తర్వాత ఎవరు ఏం అరిచారో నాకు తెలియదు. కన్నబాబు నన్ను ఎత్తాడు, దించడం మరిచిపోయాడు. మారిసెల్ లోవమ్మను కావలించుకొని నవ్వుతోంది, తన కాలు తనే గాలిలో ఊపి చూపిస్తూ. "ఏటంటంది రా ఈ పిల్ల?" అంటోంది లోవమ్మ. "మీరు ఎక్కడికి పోయారు, మాయమైపోయారు అంటందక్కా." పరమేశ్ మాత్రం లేవలేదు. మోకాళ్ల మీదే ఉండి రెండు అరచేతులతో ముఖం రుద్దుకుంటున్నాడు.

రోడెల్ కాగితం తెచ్చాడు. స్టైలు పేరు అడిగాడు.

"దండెం" అన్నాడు పరమేశ్.

అర్థం ఏమిటని రోడెల్. కన్నబాబు చెప్పాడు. రోడెల్ నమ్మలేదు, రెండోసారి చెప్పించుకున్నాడు. పరమేశ్ వచ్చి నా చేయి పట్టుకొని లాక్కుపోయి ఆయన ముందు నిలబెట్టాడు. "గీయననే కట్టింది. అడుగు."

రోడెల్ నన్ను చూశాడు. ఆ తీగ అక్కడ ఎందుకు కట్టారని అడిగాడు.

"లుంగీ ఆరాలె గద" అన్నాను.

కన్నబాబు ఇంగ్లీషులో చెప్పాడు. రోడెల్ పెద్ద మాట ఏదో విన్నట్టు మెల్లగా తలూపాడు. తర్వాత వాళ్ల పద్ధతిలో రెండు చేతులు తొడల పక్కన పెట్టుకొని నాకు నడుం వంచి దండం పెట్టాడు. నాకేం చేయాలో తెలియలేదు. నేను కూడా వంగాను. వంగాక తెలిసింది, నడుం కాదు, మోకాళ్లు వంచాను. ఏడేళ్లు ఆ గదిలో తిరిగింది పరమేశ్ ఒక్కడే కాదు కదా.

అద్దంలో చూసి పద్నాలుగు మందీ నవ్వారు. నేనూ నవ్వాను.

పరమేశ్ లోవమ్మ నడుముకు నల్ల బెల్టు కట్టాడు. ముడి రెండుసార్లు విప్పి, మూడోసారి గట్టిగా లాగాడు. "మాస్టారూ, బిగించకండీ, ఇంకా తినాల్సినవి ఉన్నాయి" అంది ఆమె. కాగితం మీద స్టైలు పెట్టినవారి పేరు దగ్గర పరమేశ్ తన పేరు రాసి, పక్కన నా పేరు కూడా రాశాడు. కొట్టేయమన్నాను. వినలేదు.

మంగళవారం పరమేశ్ విమానం ఎక్కాడు. పెట్టెలో ఆ పాత పసుపు బెల్టు ఉంది. కొత్తది ఏదీ కొనుక్కోలేదు.

ఆ శుక్రవారం పొద్దున ఏడింటికి హూరా హాలులో మా వాళ్లు పద్నాలుగు మంది వరసగా నిలబడ్డారు. వెనక రోడెల్ శిష్యులు ఆరుగురు, చూసిపోదామని. మారిసెల్ కూడా ఉంది. ఏడూ ఐదు అయింది. లోవమ్మ లేదు. ఏడూ పది. కన్నబాబు తలుపు వైపు చూస్తూ మెడ తిప్పడం లేదు. నేను దండెం కట్టి, కవర్ ఒళ్లో పెట్టుకొని కూర్చున్నాను. నాకు మాత్రం ఒక బడి గ్రౌండు కనబడుతోంది.

ఏడూ పదమూడుకు మెట్ల మీద చెప్పుల చప్పుడు వినబడింది. లోవమ్మ రొప్పుతూ వచ్చింది. నల్ల బెల్టు అప్పటికే నడుముకు ఉంది, దారి పొడుగునా కట్టుకొనే వచ్చినట్టుంది. చేతిలో పులిహోర డబ్బా.

"ఇంట్లో చుట్టాలు దిగిపోయారండీ. టీలిచ్చి పరిగెత్తుకొచ్చేశాను. ఏటలా నిలబడిపోయారు, చేతులూపుకోండి! దేవన్న గారూ, లుంగీ తడిపేరా?"

"తడిపిన."

"పొడిగా ఉందనుకోండి, దొంగతనంగా ఒంగేస్తారు ఈళ్లు. నీళ్లు కారాలి."

కవర్‌లోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి వేశాను. బొట్లు మ్యాటు మీద పడకుండా రోడెల్ తనే వచ్చి కింద బకెట్ పెట్టాడు.

"యల్లా, కదలండి. అందరూ తలుపు కాడికెళ్లండి" అంది లోవమ్మ.

ఫిలిప్పీన్స్ పిల్లలతో సహా ఇరవై మందీ, ఎవరినీ అడగకుండా, సరైన కొసకు పోయి నిలబడ్డారు.

అప్పుడే నా ఫోను మోగింది. పరమేశ్. వెనక ఎక్కడో ట్రాక్టరు చప్పుడు.

"దేవన్నా, వచ్చిందా?"

మారిసెల్ నాలుగో అడుగు వేసింది. లుంగీ ముఖాన చప్పున కొట్టింది. హాలంతా గొల్లుమంది.

"వచ్చింది" అన్నాను.